గడ్డివామికి నిప్పు పెట్టిందెవరు

మా మామగారికి తిరుత్తణిలో కంటి ఆపరేషన్ చేసి, నెల రోజులు పుస్తకం ముట్టకూడదన్నారు. ఆయనకేమో చదవకపోతే పొద్దు గడవదు. అట్ట ఊడిపోయిన పాత నవల ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టారు.

"నువ్వు చదవమ్మా, నేను వింటా ఉంటాను."

నేను తిరువళ్ళూరులో తమిళ మీడియంలో చదివినదాన్ని. తెలుగు అక్షరాలు మా అవ్వ నేర్పింది. ఒత్తుల దగ్గర తడబడుతూ, మధ్యాహ్నం పూట వసారాలో కూర్చుని చదివేదాన్ని.

రెండు రోజులు గడిచాక మామగారి బావ కూడా వచ్చి కూర్చోవడం మొదలుపెట్టారు. మామగారి అక్క చనిపోయింది, ఆమె భర్త ఈయన. మా ఊరు కే.జీ.కండిగైలోనే పక్క వీధిలో ఇల్లు. అయినా చావుకో పెళ్ళికో తప్ప ఆయన మా గడప తొక్కడం నేను చూడలేదు. కథ కోసమే వస్తున్నారంటే నాకు నమ్మబుద్ధి కాలేదు.

నవలలో ఒక భూస్వామి, పక్క పొలం వకీలు పగవాళ్ళు. కాలువ నీళ్ళ దగ్గర మొదలైన తగువు ముదిరి, ఒకనాడు భూస్వామి గడ్డివామి తగలబడుతుంది. నిప్పు పెట్టిందెవరో రచయిత చెప్పడు.

నేను పేజీ తిప్పకముందే మామగారు, "వకీలే" అన్నారు.

"నువ్వు చూసినావా?" అన్నారు బావ. "వాడే అంటించుకోని వకీలు మింద తోసినాడు."

"సొంత వామి ఎవుడైనా కాల్చుకుంటాడా బావా?"

"పగ ఉంటే కాల్చుకుంటాడు. పడమటి గాలి తిరిగేదాకా కాచుకోని మరీ పెట్టినాడు."

నేను ఆ పేజీ మళ్ళీ చూశాను. అందులో గాలి ఊసే లేదు.

ఆ రాత్రి అన్నం పెడుతూ, బావగారు ఈ గాలి మాట ఎందుకన్నారని మా ఆయనను అడిగాను. ఆయన ముద్ద కలపడం ఆపేశారు.

"నేను బడికి పోయేటప్పుడు మన చెరుకు తోట కాలిపోయింది. పక్కన ఆయన పొలమే. అప్పుడు గట్టు తగువు నడస్తా ఉన్నింది. ఎవురు పెట్టినారో తెల్లేదు. ఆ పుస్తకం ఆపెయ్ నువ్వు."

నేను ఆపలేదు. కానీ అప్పట్నుంచి ఒక కన్ను పేజీ మీద, ఒక కన్ను వాళ్ళ మీద ఉండేది. మామగారికి ఎంత తెలుసో పసిగట్టడానికే ఈయన వస్తున్నారా? బీరువా నిండా పుస్తకాలుంటే మామగారు ఏరి ఏరి ఇదే ఎందుకు తీశారు? ఇద్దరూ వకీలు మీద, భూస్వామి మీద పెట్టి మాట్లాడుకునే ప్రతి మాటా నాకు వేరేగా వినిపించసాగింది. కాఫీ ఇచ్చేటప్పుడు కూడా బావగారి ముఖంలోకి చూడలేకపోయేదాన్ని.

చివరి ప్రకరణంలో వకీలు ఊరు వదిలి వెళ్ళిపోతాడు. నిప్పు సంగతి తేలదు. నేను పుస్తకం మూశాను. మామగారు నల్లద్దాల ముఖం బావవైపు తిప్పారు.

"మా తోట కాలిన పొద్దు నువ్వు యాడ ఉండినావు బావా?"

ఆయన ఉలిక్కిపడలేదు. ఈ మాట కోసమే ఇన్నాళ్ళూ వచ్చి కూర్చున్నట్టు నిదానంగా చెప్పారు.

"మా మోటారు కొట్టం కాడ. పొగ లేస్తానే చూసినాను. బిందె ఎత్తుకోని గట్టు దాకా పరిగెత్తినాను. ఆడికొచ్చినాక, నన్ను ఈడ చూస్తే నేనే పెట్టినానంటావని ఎనక్కి తిరిగి పోయినాను."

"నువ్వు పెట్టలేదా?"

"లేదు. నువ్వే అంటించుకోని నన్ను ఇరికించేదానికి చూస్తా ఉండావనుకున్నాను. నువ్వు పోలీసోళ్ళ కాడికి పోకపోయేసరికి, నువ్వే పెట్టుకున్నావని అనుమానం ఇంగా పెరిగింది నాకు."

"మా అక్క మొగుడి మింద కంప్లైంట్ ఇచ్చేదెట్లా?" అన్నారు మామగారు. గొంతు పెంచి, "ఆ బిందెడు నీళ్ళన్నా పోసి ఉండొచ్చు గదా!" అన్నారు.

బావ లేచి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయారు. ఇక రారనుకున్నాను. మర్నాడు మామూలు వేళకే వచ్చారు. మామగారు ఇంకో పుస్తకం తీయించారు.

"ఆయన చెప్పింది నమ్మినారా మామా?" అని ఆ రోజు అడిగాను, ఆయన వెళ్ళిపోయాక.

"నమ్మాలని ఉండాదమ్మా" అన్నారు.

ఇప్పటికీ బావగారు వస్తూనే ఉన్నారు. మధ్యలో బీడీ తీసి అగ్గిపుల్ల గీస్తారు. ఆ చప్పుడుకు మామగారి తల టక్కున అటు తిరుగుతుంది. పుల్ల ఆరిపోయేదాకా నేను చదివేది ఆయన చెవిన పడదు.