ద్రాక్షతొట్టిలో నా మిరపకాళ్లు

పోర్చుగల్ దేశంలో సముద్రం ఒడ్డున ఒక పాత చేపల ఊరు ఉంది. దాని ఎగువన గుట్ట మీద అంతకన్నా పాత వైన్ ఊరు ఉంది. రెండూ వేల ఏళ్ల నాటివి. భూకంపాన్ని తట్టుకున్నాయి, ఓడదొంగలను తట్టుకున్నాయి, ద్రాక్షతీగలకు పట్టిన తెగుళ్లను తట్టుకున్నాయి. ఆ తర్వాత, మూడేళ్ల కిందట, మా ఊరు బూర్గంపాడు నుంచి నేను వెళ్లాను. ఊళ్ల పేర్లు మాత్రం రాయను. పాపం, అక్కడివాళ్లు నన్ను మరిచిపోయే ప్రయత్నంలో ఉండి ఉంటారు.

అప్పుడు నాకు ఇరవై అయిదేళ్లు. ఇప్పుడు ఇరవై ఎనిమిది, అంటే పూర్తి జ్ఞానిని. ఖమ్మంలో ఎంబీఏ ముగించి, తిరుమలాయపాలెం మండలంలో మిర్చి పండించే ఆడవాళ్లు పెట్టుకున్న సంఘంలో మార్కెటింగ్ ఎగ్జిక్యూటివ్‌గా చేరాను. హోదా పెద్దదే. పని మాత్రం శాంపిల్ పొట్లాలు కట్టి విదేశాలకు పంపడం, అక్కడినుంచి తిరస్కారాలు వస్తే సంఘానికి చదివి తెలుగులో చెప్పడం. చెప్పేటప్పుడు కొంచెం సొంత కవిత్వం కలిపేవాణ్ని. ‘మీ సరుకు మాకు అక్కర్లేదు’ అని వస్తే, ‘మనమంటే ఎంతో గౌరవమట, ఈ ఏడు గ్రహాలు బాగాలేవట’ అని చదివేవాణ్ని. ఆ కంపెనీవాళ్లకు గ్రహాల పట్టింపు ఉంటుందా అని ఎవరూ అడగలేదు.

సంఘం అధ్యక్షురాలు కౌసల్య. నాకు చుట్టం కాదు. అయినా మొదటి రోజే ‘అల్లుడా’ అని పిలిచింది, నేను ‘అత్తా’ అన్నాను. పిల్లనిచ్చే ఉద్దేశం లేదని రెండో రోజే తేల్చేసింది.

అత్తకు ఒకటే పట్టుదల. సంఘం ఆడవాళ్లు ఎండలో ఆరబెట్టి, రంగు పోయిన తాలు కాయ ఏరేసి, తొడిమ తీసిన కాయ ఏటా ఖమ్మం మార్కెట్ యార్డుకు చేరి, ఎవరెవరివో కాయల్లో కలిసి పేరు లేకుండా పోయేది. తమ ఊరి పేరు రాసిన పెట్టెలో తమ కాయ ఒక్కసారైనా సముద్రం దాటాలి. అంతే. రెండేళ్లుగా ప్రపంచం మా శాంపిళ్లను రుచి చూసి, మూతి తుడుచుకుని వెళ్లిపోతోంది. సంఘంలో కొందరు విసిగి, వచ్చే ఏడు నుంచి పాత దారినే పోదామని గొణగడం మొదలుపెట్టారు.

అట్లాంటి సమయంలో ఆ చేపల ఊరి నుంచి కబురొచ్చింది. సార్డీన్లనే చిన్న చేపలను కారపు నూనెలో ముంచి డబ్బాల్లో నింపే పాత కార్ఖానా అక్కడ ఒకటుంది. యజమాని అమేలియా అనే పెద్దావిడ. అంతకుముందు ఎవరి దగ్గరో కొన్న మిర్చికి ఎరుపు ఉంది గానీ కారం లేదట. ఈసారి పండించినవాళ్ల మొహం చూసి గానీ ఆర్డరు ఇవ్వనని ఇద్దరికి టికెట్లు పంపింది. ఒకటి అత్తకు, రెండోది ఇంగ్లీషు వచ్చినవాడికి. సంఘం చుట్టుపక్కల ఇంగ్లీషూ పాస్‌పోర్టూ రెండూ పని లేక ఖాళీగా పడి ఉన్నది నా దగ్గరే.

బయలుదేరేటప్పుడు మా అమ్మ ఒకే ఒక్క మాట చెప్పింది. “అడిగినదానికే చెప్పు బిడ్డా. ఎక్కువ చెప్పకు.” సలహా అనుకున్నాను. అది జాతకమని అక్కడికి వెళ్లాక తెలిసింది.

పొద్దున చేపల ఊరు చూశాం. పడవల ముక్కులకు రెండేసి కళ్లు గీసి ఉన్నాయి, దారి తప్పకుండానట. ఆ ఏర్పాటు నాకూ ఉంటే బాగుండేది. అమేలియా మనవరాలు ఇనేస్‌కు ఇంగ్లీషు వచ్చు. అత్త తెలుగు నేను ఇంగ్లీషు చేస్తే, నా ఇంగ్లీషు ఆ పిల్ల వాళ్ల భాష చేసేది. మాట రెండు రేవులు దాటి అవతలి ఒడ్డుకు చేరేదన్నమాట. ఒడ్డున రోమన్ల కాలపు రాతి తొట్లు చూపించారు. వాటిలో చేపలను ఉప్పులో ఊరేసేవారట. నేను ‘వావ్’ అని నాలుగు ఫోటోలు తీశాను, నాలుగింటిలోనూ నేనే ఉన్నాను. అత్త మాత్రం ఒక తొట్టిలోకి వంగి లోపలి మూలను చేత్తో తడిమింది.

“మూలలు గుండ్రంగ మలిచిండ్రు చూడు. కడిగితే మురికి ఆగది. తెలివిగలోళ్లు.”

మాట అవతలి ఒడ్డుకు చేరగానే అమేలియా ఆగి అత్తను తేరిపార చూసింది. ఎందరో పర్యాటకులు వచ్చారట గానీ, మూల తడిమి చూసినవాళ్లు లేరట. మధ్యాహ్నం కాల్చిన సార్డీన్లు పెట్టారు. చెరువు చేప తిన్న చేయి కదా, అత్త రెండు వేళ్లతో వెన్నుముల్లు తోక దాకా ఒక్క లాగులో తీసి పక్కన పెట్టింది. భోజనశాల వంటామె వచ్చి మరీ చూసి వెళ్లింది. నేను మర్యాదకు పోయి కత్తీ ఫోర్కూ పట్టాను. నా పళ్లెంలో ఆ చేప రెండోసారి చచ్చింది.

గమనించండి. అప్పటికి అత్తకు రెండు మార్కులు, ఎంబీఏకు సున్నా. జరగబోయేదానికి ఇదే మూలకారణం.

సాయంత్రం గుట్ట మీది వైన్ ఊరికి వ్యానులో వెళ్లాం. అక్కడ అమేలియా తమ్ముడికి ద్రాక్షతోట ఉంది. కోతల రోజులు. పెద్ద రాతి తొట్టిలో మోకాళ్ల దాకా నల్లద్రాక్ష పోసి, ఊరి ముసలమ్మలు నలుగురు ఒకరి భుజాల మీద ఒకరు చేతులేసుకుని, పాడుకుంటూ తొక్కుతున్నారు. వచ్చిన అతిథి కూడా దిగి తొక్కడం అక్కడి మర్యాదట. అత్త తమ్ముడిగారితో తీగలు చూడ్డానికి తోటలోకి వెళ్లింది. నన్ను ఆపేవాళ్లు లేరు.

“మాకిది కొత్తేం కాదు” అన్నాను ఇనేస్‌తో. “మేం మిర్చిని కూడా ఇట్లాగే తొక్కి బస్తాల్లో నింపుతాం. నేను చిన్నప్పటి నుంచి తొక్కుతూనే పెరిగాను.”

పాఠకులు దయచేసి నిజం తెలుసుకోవాలి. యార్డుకు వెళ్లే సరుకును కొన్నిచోట్ల హమాలీలు కాళ్లకు గోనెపట్టా చుట్టుకుని తొక్కి నింపే మాట నిజమే. నేనది చూసింది బస్సు కిటికీలోంచి. మా సంఘంలో అసలు తొక్కుడే లేదు. తొక్కితే కాయ విరుగుతుందనీ గింజ రాలుతుందనీ అత్త ప్రతి కాయనూ చేత్తోనే అట్టపెట్టెల్లో పేర్పిస్తుంది. ఇదంతా నాకు తెలుసు. తెలిసీ చెప్పాను. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నాకైతే కాళ్లు కూడా మంచిగుండేవి.

ఎట్లా తొక్కుతారో చూపించమంది ఇనేస్. మేం ముందే పంపిన శాంపిల్ బస్తా వ్యానులోనే ఉంది. నేను బూట్లు విప్పి, ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, బస్తాలోకి దిగి గంతులేశాను. కాయలు పటపట విరిగాయి. ఎర్రటి దుమ్ము లేచింది. ముసలమ్మలు తొక్కుడు ఆపి చప్పట్లు కొట్టారు. అమేలియా సంచిలోంచి చిన్న పుస్తకం తీసి ఏదో రాసుకుంది. నా ప్రతిభ గురించే అనుకుని ఇంకో నాలుగు గంతులు అదనంగా వేశాను.

తర్వాత కాళ్లు కడుక్కున్నాను, ఒకసారి కాదు, మూడుసార్లు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు పెద్దలు. అడుసు తొక్కినవాడికి కడిగితే పోతుంది కాబట్టి ఆ సామెత అక్కడితో ఆగింది. నేను కడిగింది కాళ్లనే. మోకాళ్ల దగ్గర మడిచిన ప్యాంటును ఎవరు కడుగుతారు? ఆ మడతల్లో పిడికెడు విరిగిన కాయ, గింజ, దుమ్ము చక్కగా దాక్కుని ఉన్నాయి. తీసుకెళ్లి తొట్టిలో దిగాను.

చల్లటి ద్రాక్షగుజ్జు. ఎడమవైపు ఒక ముసలమ్మ, కుడివైపు పావడా ఎత్తిపట్టుకుని స్వయంగా అమేలియా. పాట అందుకున్నారు. నేనూ ఏదో పాడాను. రెండు చరణాలకు నా మడతలు విప్పుకున్నాయి. మూడో చరణంలో ఎడమవైపు ముసలమ్మ శ్రుతి తప్పింది. నాలుగో చరణంలో అందరూ తాళం తప్పారు. అడుగులు మాత్రం జోరందుకున్నాయి. నా నాయకత్వంలో ఉత్సాహం పెరిగిందనుకున్నాను. అప్పుడు నా కాళ్లకు కూడా ఉత్సాహం పెరిగింది. తేళ్ల పెళ్లికి చెప్పుల్లేకుండా వెళ్లినట్టుంది.

“మీ ప్యాంటులోంచి ఎర్రగా ఏం రాలుతోంది?” అంది ఇనేస్ గట్టు మీంచి.

“మా దేశపు బట్టలు కొంచెం రంగు వదులుతాయి” అన్నాను.

ముసలమ్మలు గట్టెక్కి మోకాళ్లు పట్టుకుని కూర్చున్నారు. ఒకావిడ నీళ్లు పోసుకుంది. మంట పిక్కల నుంచి మడమల దాకా పాకి, ఆవిడ దేవుళ్లను పేరుపేరునా పిలిచింది. ఆ గోలకు తోటలోంచి అత్త వచ్చింది. ఆమె వెనకే తమ్ముడుగారు, రెండు చేతుల్లో రెండు ద్రాక్షగుత్తులతో, పటంలోంచి నడిచొచ్చిన దేవుడిలా.

“ఏంజేసినవ్ అల్లుడా” అంది అత్త.

“ఏం లేదత్తా. ద్రాక్ష పడలేదంట. ఎలర్జీ.”

అత్త వంగి, రసం మీద తేలుతున్నదాన్ని వేలి కొనకు ఎత్తి చూసింది.

“ఎలర్జీకి గింజలుంటయా?”

అంటూనే కొంగు బిగించింది. “నీళ్లు బంద్ చెయ్యమను. నీళ్లు పోస్తే మంట ఇంకింత పాకుతది. నూనె తెమ్మను, పెరుగు తెమ్మను. జల్దీ.” ఆలివ్ నూనె బిందెడు వచ్చింది. పెరుగు గిన్నెలతో వచ్చింది. అత్త నేల మీద బాసింపట్టు వేసుకుని, అమేలియా పాదాన్ని ఒళ్లో పెట్టుకుని, మిర్చి ఏరిన నాడు ఇంటికొచ్చి తన చేతులకు పట్టించుకునేట్టే, వేలు వేలుకూ నూనె పట్టించి తుడిచి పెరుగు రాసింది. తర్వాత మిగతా ముసలమ్మలకు. నా వంతు చివర వచ్చింది. నాకు నూనె గిన్నె ఇచ్చి వెళ్లిపోయింది.

మంట తగ్గాక అమేలియా ఆ చిన్న పుస్తకం తెరిచి ఒక ప్రశ్న అడిగింది. ఇనేస్ దాన్ని నాకు చెప్పింది. ఆవిడ రాసుకున్నది నా ప్రతిభ గురించి కాదు. ‘జనం తినే మిర్చిని కాళ్లతో తొక్కుతారట’ అని రాసుకుంది. ఇది నిజమేనా అని అడుగుతోంది.

నా నోరు అప్పటికే ఒక కొత్త అబద్ధానికి ఇస్త్రీ చేస్తోంది. అత్త నా మొహం చూసింది.

“ఆమె అన్నది అన్నట్టు చెప్పు. నేను చెప్పేది చెప్పినట్టు చెప్పు. ఉత్తరాలు చదివినట్టు గాదు.”

“ఏ ఉత్తరాలత్తా?”

“గ్రహాలు బాగలేవని చదివినయి. నా కోడలు డిగ్రీ చదివింది అల్లుడా. నువ్వు పోయినంక ఆమెతోని మళ్ల చదివించుకుంట. పిలగాడు మా మనసు నొప్పియ్యొద్దని జేస్తుండు గదా అని ఊకున్న. ఇయ్యాల ఊకోను.”

రెండేళ్ల నా కవిత్వానికి అంత శ్రద్ధగల పాఠకురాలు ఉందని అప్పుడే తెలిసింది. సిగ్గుతో నా చెవులు కాళ్లతో పోటీపడ్డాయి. అత్త చెప్పింది, నేను ఒక్క మాట వేయకుండా, తీయకుండా ఇంగ్లీషు చేశాను.

“మేం కాలు పెట్టం. పొరపాటున తినేదానికి కాలు తగిలితే కండ్లకద్దుకుంటం. మా ఆడోళ్లు కాయకాయ చేతబట్టి చూసి పెడ్తరు. ఈ పిలగాడు మాట్లాడిండు గని పండియ్యలే. నమ్మకం లేకుంటే మా ఊరికొచ్చి కండ్ల జూడమను. ఆగమైన ద్రాక్షకు తప్పు మాదే. అది కూడ చెప్పు.”

అదీ చెప్పాను. అమేలియా పెరుగు పూసిన తన పాదాల వంక చూసుకుంది. తర్వాత ఒక మాట అంటే ముసలమ్మలంతా పగలబడి నవ్వారు. ఇనేస్ నవ్వాపుకుంటూ నాకు చెప్పింది: కారం ఎంతుందో ల్యాబుకు పంపి తేల్చుకోవాలనుకున్నారట, ఇక ఆ అవసరం లేదట. ఆర్డరు గురించి మాత్రం ఆలోచించుకుని చెబుతారట. తమ్ముడుగారు తొట్టిలోని రసం చుక్క నాలుక మీద వేసుకుని, టోపీ తీసి మొహానికి విసురుకున్నారు. ఆ రసాన్ని విడిగా ఒక పాత పీపాలో పోయించారు.

తిరుగు విమానంలో నేను ఉద్యోగానికి రాజీనామా ఉత్తరం మనసులో రాసుకుంటుంటే అత్త కిటికీలోంచి మబ్బులు చూస్తూ అంది, “పోతే పోయింది తియ్యి. మన కాయ సముద్రం దాటింది, మంట పుట్టిచ్చింది. ఒకపారి దాటినది మళ్ల దాటదా.” ఆ మాటతో రాజీనామా మబ్బుల్లోనే వదిలేశాను.

నెల తిరక్కుండా ఈమెయిల్ వచ్చింది. ఈసారి సంఘమంతా కూర్చున్నాక చదవమన్నారు. నేను ఇంగ్లీషులో చదవాలి, అత్త కోడలు పక్కన నిలబడి సరిచూడాలి. ఆర్డరు ఇచ్చారు. షరతులు రెండు. ఒకటి, సరుకు చేత్తోనే నింపాలి. రెండు, నింపేచోటికి నన్ను రానివ్వకూడదు. రెండో షరతును నేను గబగబా చదివేశాను. కోడలు మాత్రం చాలా స్పష్టంగా, రెండుసార్లు తెలుగు చేసింది. పాత దారినే పోదామని గొణిగినవాళ్లే ముందు లేచి పెట్టెల మీద ఊరి పేరు ఎంత పెద్దగా రాయాలో కొట్లాడుకున్నారు. లారీ కదిలిన రోజు అత్త ఒక పెట్టె మీది పేరును కొంగుతో తుడిచి, కాసేపు చేయి అక్కడే ఉంచింది. ఇదంతా గేటు బయట నిలబడి చూశాను. షరతు షరతే.

కథ ఇక్కడితో అయిపోతే నా పరువు సగమైనా మిగిలేది. ఏడాది తిరిగేసరికి ఆ వైన్ ఊరి నుంచి ఒక పార్సిల్ వచ్చింది. పాత పీపాలో పోసిన రసం పులిసి కారపు వెనిగర్ అయిందట. చేపల మీద చల్లుకుంటే అమోఘమట. తమ్ముడుగారు దాన్ని సీసాలకు ఎత్తి అమ్ముతున్నారు. మాకొక సీసా కానుక. దాని మీది చీటీలో అక్షరాలు తక్కువ. నడిమధ్య, ఎర్ర రంగులో, రెండు పాదాల బొమ్మ.

అత్త ఆ సీసాను ఆఫీసులో ఎత్తైన అరలో పెట్టింది. మా వైపు వాళ్లకు అరలో రెండు పాదాలు కనిపిస్తే చెప్పులు బయట విడవడం అలవాటు. భద్రాచలం వెళ్లొస్తూ ఒక ముసలాయన విత్తనాల సంగతి అడగడానికి లోపలికి వచ్చి, ఆ సీసా ముందు చేతులు జోడించి, ఈ పాదాలు ఏ దేవుడివమ్మా అని అడిగాడు.

“దేవుడివి కావు తాతా, మా ఆఫీసు పిలగానివి” అంది అత్త తలెత్తకుండా. “అయినా మొక్కుకో. మీ ఇంటి దిక్కు రావొద్దని.”

ఆయన ఇంకా గట్టిగా మొక్కుకున్నాడు.

కాబట్టి, పంచభూతాల సాక్షిగా, వాటిలో అగ్నిని ప్రత్యేకంగా తలుచుకుని ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట మనుషులు తినే, తాగే, నాకే దేనిలోనూ నా కాలు పెట్టను. చేసిన పని తప్ప చెయ్యని పని చెప్పుకోను. ఎవరైనా ఆప్యాయంగా మా ఇంట్లో కాలు పెట్టండని పిలిచినా, ప్యాంటు మడతలు గడప అవతల దులిపి, ఇంటావిడ వచ్చి తనిఖీ చేసి సరేనన్నాకే లోపలికి వస్తాను.