పై నుంచి తవ్విన కాలువ

మా పేట మురుగుకాలువ నేను కట్టించిందే. ఈ మాట పాల కేంద్రం దగ్గర చెప్పాను, బ్యాంకు వరుసలో చెప్పాను, ఆఖరికి కంటికి ఆపరేషన్ చేసిన డాక్టరు గారికి కట్టు విప్పుతుండగా కూడా చెప్పాను. హైదరాబాదులోని ఒక పెద్ద ట్రస్టు వాళ్ళను ఒక్క ఉత్తరంతో ఏలూరు రప్పించాననీ, నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా ముప్పై ఏళ్ళు చేసిన అనుభవంతో వాళ్ళకు కాలువ గీసి చూపించాననీ, వాళ్ళు టీ చల్లారిపోతున్నా తాగకుండా విన్నారనీ చెప్పేవాణ్ణి.

ఇందులో ఏలూరు నిజం. ట్రస్టు నిజం. మిగతావి ఒక్కొక్కటీ ఒప్పుకుంటాను.

ముందు ఉద్యోగం సంగతి. నేను లస్కరుని. తాడేపల్లిగూడెం సెక్షనులో కాలువ గట్టు మీద సైకిలు తొక్కుతూ, తూము తలుపులు ఎత్తుతూ దింపుతూ రిటైరయ్యాను. ఇంజనీరు గారి జీపు వస్తే గొడుగు పట్టుకుని ఎదురెళ్ళేవాణ్ణి. అయితే ఒక్క విషయం మాత్రం ఏ ఇంజనీరుకీ తీసిపోకుండా నాకు తెలుసు. కాలువకు మొదట్లో పొలం ఉన్నవాడికి నీళ్ళ గురించి మాట్లాడే పనే ఉండదు. మాట్లాడాల్సిందంతా శివారు రైతే. దాళ్వాలో, అంటే రెండో పంటకు, నీళ్ళ వంతులు పెట్టినప్పుడు పై వాళ్ళు తమ వంతు దాటాక కూడా తోడేసుకుంటే శివారు మడి నెర్రెలు విచ్చేది. వానాకాలంలో అదే పై వాళ్ళు గట్టు తెంపి వదిలేస్తే ఆ మడే మునిగేది. రెండుసార్లూ తిట్లు తిన్నవాణ్ణి నేను. ఇంత తెలిసినవాణ్ణి కనకే ఈ సంగతి తలచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

ఉత్తరం కూడా నేను రాసింది కాదు. దిగువ సందులో తివాచీలు నేసే ఆవిడ రాసింది.

మా పేటలో ఉన్నవి రెండే సందులు. ఎగువ సందులో నాలాంటి పింఛనుదారులు, మేడలు, గేట్లు. దిగువ సందులో తివాచీ మగ్గాలు, కుట్టుమిషన్లు, రేకుల ఇళ్ళు. ఎక్కువగా ముస్లిం కుటుంబాలు. వట్లూరు వైపు కొత్త కాలనీలు లేచి వాననీటి దారులు మూసుకుపోయాక, ఆ నీళ్ళన్నీ మా సందు మీదుగా జారి వాళ్ళ సందులో నిలబడటం మొదలైంది. దిగువ సందు చివర పెద్ద డ్రెయిను ఉంది, అది పోయి కొల్లేట్లో కలుస్తుంది. కానీ అక్కడిదాకా నీళ్ళు వెళ్ళడానికి కాలువ లేదు.

ఆవిడ మగ్గం నిలువు మగ్గం. నేసిన తివాచీని నేసినట్టు కింది దూలానికి చుడతారు. ఆ దూలం నేలకు జానెడు ఎత్తున ఉంటుంది. ఇంట్లోకి నీళ్ళొస్తే ముందు తడిసేది రెండు నెలలుగా ముడి ముడీ వేసి నేసిందే. ఎర్ర ఊలు రంగు తెల్ల ఊలులోకి దిగిపోతుంది. అలాంటి సరుకు షావుకారు తీసుకోడు. మగ్గాన్ని ఇటుకల మీదికి ఎత్తుదామంటే పై దూలం ఇంటి రేకులకు తగులుతుంది. ఇక ఎత్తడానికి చోటు లేదు. ఆ నీళ్ళు ఆగితే ఆవిడ మగ్గం నిలుస్తుంది, ఆగకపోతే పోతుంది.

‘పేటను పేటవాళ్ళే బాగుచేసుకోవాలి, నిర్ణయం వాళ్ళది, సాయం మాది’ అని ట్రస్టు ఇచ్చిన ప్రకటన ఆవిడే పేపర్లో చూసి, గీతల కాగితం మీద ఉత్తరం రాసి, సంక్షేమ సంఘం అధ్యక్షుణ్ణని నా దగ్గరికి తెచ్చింది. కింద సంతకం పెట్టి రబ్బరు స్టాంపు వేశాను. స్టాంపు నాది కనక ఉత్తరం నాదైపోయింది.

ట్రస్టు తరఫున ఒక మేడం గారు వచ్చింది. నెమ్మదైన మనిషి. పేటవాళ్ళందరినీ కూర్చోబెట్టి గోడకు చార్టులు అంటించి, రంగురంగుల చీటీలు పంచి, మీ పేట గురించి మీ కల ఏమిటో రాయమంది. ఎగువ సందు వాళ్ళు పార్కు రాశారు, సీసీ కెమెరాలు రాశారు, ఒకాయన యోగా హాలు రాశాడు. తివాచీ ఆవిడ లేచి, “ఇంట్లోకి నీళ్ళు రాకూడదండీ” అంది.

“అది సమస్య అండీ. కల చెప్పండి,” అంది మేడం.

“నాకు కలలో కూడా నీళ్ళే వస్తున్నాయండీ. అది రాసుకోండి.”

అందరూ నవ్వారు. మేడం కూడా నవ్వింది, ఒక నీలం చీటీ మీద రాసుకుంది కూడా. అలాంటి కూర్చోబెట్టడాలు అయిదు జరిగాయి. ప్రతిసారీ కొత్త చార్టు, అదే ప్రశ్న. అయిదోసారి నేను లేచి వెళ్ళిపోదామనుకున్నాను. బిస్కెట్లు వస్తున్నాయని ఆగాను.

ఆఖరికి, పరిస్థితి కళ్ళారా చూడ్డానికి ట్రస్టు పెద్దలు వస్తున్నారని కబురొచ్చింది. మేం చేసిన తెలివితక్కువ పని అప్పుడు మొదలైంది. మా గోదావరి జిల్లాల్లో గుమ్మంలోకి మనిషి వస్తున్నాడంటే చీపురు పట్టకుండా ఉండలేం. మూడు రోజులు పేటంతా కడిగాం. దిగువ సందులో ఏళ్ళ తరబడి పేరుకున్న మురుగు మేమే ఎత్తి ట్రాక్టరుకెత్తించాం. బ్లీచింగు చల్లాం, ముగ్గులు పెట్టించాం. తివాచీ ఆవిడ ఇంటి గోడ మీద జానెడు ఎత్తున నీటి చార ఉండేది, ఏడాదికొకటి చొప్పున ఒకదాని మీద ఒకటి.

“ఆ చారలేమిటమ్మా, వచ్చినవాళ్ళకు బాగుండదు. కాస్త సున్నం కొట్టించు,” అన్నాను.

“అవి చూపించడానికే కదండీ బాబాయి గారూ వాళ్ళని పిలిచింది?”

“నోటితో చెబుదాంలేమ్మా. పరువు కూడా చూసుకోవాలి కదా.”

ఆవిడ సున్నం కొట్టింది. పేట మాట కాదనలేక కొట్టింది.

భోజనం మా ఇంట్లో. కొల్లేటి కొరమీను పులుసు, రొయ్యల వేపుడు, గారెలు, పరమాన్నం. వంటింట్లోంచి మా ఆవిడ ఒకటే సణుగుడు.

“ఏవండీ, వాళ్ళొచ్చేది మురుగు చూడ్డానికా, పిల్లని చూడ్డానికా?”

“నీకు తెలీదు, ఊరుకోవే.”

“నాకు తెలీదు సరే. మీకు తెలుసా అని.”

పెద్దలు వచ్చారు, సందులు తిరిగారు, చెప్పులకు మట్టి అంటకుండా నడిచారు. తిన్నాక నేను తమలపాకులు అందిస్తూ, “మాకు ఐకమత్యం ఎక్కువండీ, ఏం కావాలన్నా చెయ్యీ చెయ్యీ కలిపి మేమే చేసేసుకుంటాం” అన్నాను. ఎందుకన్నానో నాకే తెలియదు. కడుపు నిండితే నా నోరు ఆగదు. వాళ్ళల్లో ఒకాయన ఆ మాట పుస్తకంలో రాసుకున్నాడు.

నెల తిరక్కుండా ఉత్తరం వచ్చింది. మీ పేట స్వయంకృషి మమ్మల్ని ఎంతో ఆకట్టుకుంది, పరిస్థితులు అనుకున్న దానికన్నా మెరుగ్గా ఉన్నాయి, అందుచేత అడిగినదాంట్లో సగం మంజూరు చేస్తున్నాం, మిగతా సగం ఎక్కువ అవసరం ఉన్న మరో చోటికి ఇస్తున్నాం. వాళ్ళను తిడదామంటే నోరు రాలేదు. మెచ్చుకుంటూ కోత పెట్టినవాణ్ణి ఏమని తిడతాం.

సగం డబ్బుతో సగం కాలువ వస్తుంది. ఎటు సగం? ఇది ఏ లస్కరుని అడిగినా చెబుతాడు. కింద పెద్ద డ్రెయిను దగ్గర మొదలెట్టి పైకి తవ్వుకుంటూ రావాలి. ముందు నీళ్ళకు పోయే దారి ఇవ్వాలి. కానీ లస్కరు చెబితే చాలదట, పేటవాళ్ళు కూర్చుని చేతులెత్తి తేల్చాలట, దాని ఫొటో పైకి పంపాలట. మేడం గారికి సాయంత్రం రైలు ఉంది కనక మధ్యాహ్నం ఒంటిగంటకు పెట్టమంది. నేను సరేనన్నాను. ఆ రోజు శుక్రవారం. దిగువ సందు మగవాళ్ళంతా జుమ్మా నమాజుకు మసీదులో ఉంటారని నాకు తెలుసు. ఇన్నేళ్ళుగా ఆ పేటలో ఉన్నవాడికి తెలియకుండా ఉంటుందా? తట్టలేదని చెప్పుకుంటూ వచ్చాను. తట్టింది. రైలు వేళ మార్చమని ఆ మేడంను అడగడం మొహమాటమనిపించింది.

ఎగువ సందు వాళ్ళు సంఘం గదిలో కుర్చీలు నింపేశారు. ఒకాయన లేచి, పని మొదలైనట్టు రోడ్డు మీదికి కనబడాలి, అప్పుడే మిగతా సగం కూడా ఇస్తారు, కాబట్టి పై నుంచి మొదలెడదాం అన్నాడు. చేతులు లేచాయి. నేను అధ్యక్షుణ్ణి. చేతులు లెక్కపెట్టడం నా పని. లెక్కపెట్టాను. మగవాళ్ళను మసీదుకు పంపి తివాచీ ఆవిడ వచ్చేసరికి చేతులు లేచే వేళైంది. చెప్పులు విడిచి గుమ్మంలోనే నిలబడి, “కింద నుంచి తవ్వించండమ్మా, లేకపోతే ఆ నీళ్ళన్నీ మా ఇంట్లోకే వస్తాయి,” అంది.

“పేట నిర్ణయం అండీ. మేం జోక్యం చేసుకోకూడదు,” అంది మేడం. ఆ మేడం మొహంలోనూ కష్టం కనిపించింది. కానీ ఫొటో తీసుకుంది.

తవ్వడానికొచ్చిన మేస్త్రీ కూడా ఎగువ సందు మొగలో పలుగు ఆనించి నా వైపు చూశాడు.

“ఎవరండీ పై నుంచి తవ్వమంది? ఈ నీళ్ళు ఎక్కడికి పోతాయండీ?”

“పేట నిర్ణయించింది,” అన్నాను.

“పేట నిర్ణయిస్తే నీళ్ళు వింటాయేంటండీ,” అని పలుగు వేశాడు.

కాలువ ముచ్చటగా వచ్చింది. సిమెంటు గోడలు, పైన పలకలు. దిగువ సందు మొదట్లో ఆగిపోయింది. అక్కడ ‘నివాసులే నిర్మాతలు’ అని బోర్డు పెట్టారు. ఇదివరకు వాన పడితే నీళ్ళు మా సందులో గుంటలు వెతుక్కుంటూ, ఇంకుతూ, దిగువకు చేరేసరికి సగం రోజు పట్టేది. ఇప్పుడు నున్నటి కాలువలో పావుగంటలో చేరిపోతున్నాయి.

తుపాను వాన పట్టిన రోజు నేను నడుం లోతు నీళ్ళలో ఈదుకుంటూ ఆవిడ ఇంటికి వెళ్ళాను. మోకాలి లోతు. సరే, పిక్కల దాకా. కానీ ఆ కాస్తే చాలు మగ్గానికి. ఆవిడా, ఆవిడ భర్తా కింది దూలాన్ని మగ్గం నుంచి ఊడదీసి భుజాల మీదికి ఎత్తుకుని నిలబడి ఉన్నారు. పెట్టడానికి చోటు లేక అలాగే నిలబడ్డారు. తివాచీలోంచి ఎర్రనీళ్ళు కారి ఆవిడ చీర మీద పడుతున్నాయి. ఒక చివర నేనూ పట్టుకున్నాను. ఆవిడ నన్ను ఏదో ఒకటి అంటే బాగుండునని అనుకుంటూ పట్టుకున్నాను.

ఆ తర్వాత తిరగని చోటు లేదు. మున్సిపాలిటీకి వెళితే, మీ పేట పని ట్రస్టు వాళ్ళు తీసుకున్నారు కదా, మా జాబితాలో లేదన్నారు. ట్రస్టుకు రాస్తే, ఈ ఏడాది మా దృష్టి పచ్చదనం మీద అన్నారు. పచ్చదనం కింద మొక్కలు వచ్చాయి. దిగువ సందులో నాటాం, మొదటి వానకే కుళ్ళిపోయాయి. వాటికీ ఫొటోలు అడిగారు. బతికున్నప్పటివి ఉంటే పంపమన్నారు.

మొన్న మళ్ళీ ట్రస్టు నుంచి కబురు. మిగతా సగం గురించి ఆలోచిస్తారట. అందుకు పేటవాళ్ళ అనుభవం పేటవాళ్ళ మాటల్లోనే రాసి పంపాలట. వానాకాలం దగ్గర పడింది. తివాచీ ఆవిడ మగ్గం మీద కొత్త ఆర్డరు ఎక్కించి ఉంది. ఇది కూడా తడిస్తే మగ్గం విప్పి అమ్మేసి, భర్తతో పాటు దెందులూరు వైపు చేపల చెరువుల పనికి వెళతానని చెప్పేసింది. అందుకని ఈసారి పెంచకుండా, కుదించకుండా రాశాను. సున్నం సంగతి రాశాను, ఐకమత్యం సంగతి రాశాను, శుక్రవారం కూడా దాచలేదు. పైన మీరు చదివిందంతా అదే. పంపేముందు కాగితాలు తీసుకెళ్ళి, ఆవిడ ముళ్ళు వేస్తుండగా పక్కన స్టూలు మీద కూర్చుని మొదటి నుంచీ చదివి వినిపించాను.

ఆవిడ చెయ్యి ఆపకుండా వింది. చేతులెత్తిన చోట మాత్రం ఊలు కోసే కత్తి పక్కన పెట్టింది.

“లెక్కపెట్టాను అని రాశారేంటండీ?”

“లెక్కపెట్టాను కదమ్మా.”

“తర్వాత లెక్కపెట్టారు. ముందు లేచిన చెయ్యి మీదే బాబాయి గారూ. మీరెత్తాకే మిగతావాళ్ళు ఎత్తారు. నేను గుమ్మంలోంచి చూశాను.”