కరక్కాయ సున్నం

నేనూ నా తోటి వడ్రంగీ కట్టిన గోడలను ఎప్పుడో చచ్చిపోయిన మనిషి పేరున రాసుకున్నారు.

అమెరికాలో ట్రాయ్ నగరానికి ఉత్తరాన ఉన్న మా ఊళ్లో, మ్యూజియం ఆవరణలో ఒక దుంగల ఇల్లుంది. ఇక్కడికి మొట్టమొదట వచ్చిన తెల్లవాడు ఒంటరిగా, ఒక్క గొడ్డలితో కట్టుకున్నాడని బోర్డు. నేను ఊరి మరమ్మతుల విభాగంలో పనిచేసే రోజుల్లో ఆ దుంగలు పుచ్చిపోయాయి. నల్లజాతి వడ్రంగి ఒకాయన అన్నీ కొత్తవి చెక్కి బిగించాడు. సందులు పూడ్చడం నా వంతు. సిమెంటు ప్రతి చలికాలం పగిలిపోతుంటే, మా నాన్న తాపీపని గుర్తొచ్చింది. ఇండియన్ స్టోర్లో బెల్లం, కరక్కాయలు కొని నానబెట్టి, ఆ నీళ్లతో సున్నం కలిపాను. అప్పుడు పక్కన నిలబడి కాఫీ తాగుతూ, "ఇల్లు కడుతున్నావా, మిఠాయి చేస్తున్నావా?" అని నవ్విన గుమాస్తాయే ఇప్పుడు మ్యూజియం డైరెక్టర్.

వడ్రంగి పోయాడు. కిందటేడు ఆయన భార్యను ఆ ఇల్లు చూపించే టూరుకి తీసుకెళ్లాను. గైడు ఇక్కడే పుట్టిన తెలుగు పిల్ల. గోడల్లోది ఆ మొదటి మనిషి రహస్య మిశ్రమమని అందరికీ చెబుతోంది.

"అది నేను కలిపిందమ్మా. దుంగలు ఈవిడ భర్త చెక్కినవి" అన్నాను.

"అంకుల్, ప్లీజ్. నాకిచ్చిన స్క్రిప్ట్‌లో అలానే ఉంది."

"అది రాసిన మీ డైరెక్టర్ని పిలు. నాకు బాగా తెలుసులే."

ఆయన రాలేదు. ఆవిడ ఒక దుంగ మీద చెయ్యి వేస్తే, ముట్టుకోకూడదని కాపలావాడు అడ్డొచ్చాడు. ఆ మాట నేను క్షమించలేదు, క్షమించను.

బోర్డు మీద వడ్రంగి పేరు పడాలి. డైరెక్టరే తలవంచుకుని దాన్ని రాయించాలి. పాత పనుల కాగితాలు దొరకలేదన్నారు. సరే, గోడనే అడుగుదామనుకున్నాను. నేను చదువుకున్నది లైబ్రరీ బల్లల దగ్గరే. మళ్లీ అక్కడే కూర్చున్నాను. కరక్కాయ చెట్టు ఈ దేశపు అడవుల్లో పెరగదని ఖాయం చేసుకున్నాను. సున్నాన్ని ల్యాబులో పరీక్ష చేయించమని నాలుగు ఉత్తరాలు రాసి, ఊరి కౌన్సిల్లో ప్రతి ఒక్కరికీ నకలు పంపాను. చేయించక తప్పలేదు వాళ్లకి. డైరెక్టర్ మొహం ఎలా మాడిపోతుందో ఊహించుకుంటూ చలికాలమంతా గడిపాను.

మొన్న డైరెక్టర్ సంతకంతో జవాబు వచ్చింది:

"అయ్యా, మీరు చెప్పింది నిజమే. గోడలో బెల్లం, కరక్కాయ ఆనవాళ్లు దొరికాయి. దీన్నిబట్టి మన ఊరి తొలి నివాసికి ఆ రోజుల్లోనే ఇండియాతో వర్తకం ఉండేదని మా కమిటీ భావిస్తోంది. ఈ విశేషాన్ని కొత్త బోర్డులో చేరుస్తున్నాం. ఆవిష్కరణకు తప్పక రండి."