పెరుగు గిన్నె తేల్చిన కారు

నా చిన్నప్పుడు మా ఇంట్లో కారు మాట మొదలైంది సరదా కోసం కాదు, అమ్మ నడుము నొప్పి కోసం. మా నాన్న టాటానగర్ రైల్వే యార్డులో షంటర్. పొద్దస్తమానం డీజిల్ ఇంజన్ నడుపుతూ గూడ్సు పెట్టెల్ని ఒక లైను మీంచి ఇంకో లైను మీదకు తోయడం ఆయన పని. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి బిర్సానగర్‌లో చిన్న ఇంట్లో ఉండేవాళ్లం. అలాంటి ఇంటి ముందు కారేమిటని వీధి వీధంతా నవ్వుకుంది. "ఉట్టికెక్కలేనమ్మ సొర్గానికెక్కుతాదంట" అని పక్కింటి పిన్ని మా గుమ్మంలోనే నిలబడి అంది. ఆవిడ పోయి చాలా కాలమైంది కానీ, ఆ మాట మీద నా కోపం మాత్రం పోలేదు.

అమ్మకు వెన్నెముకలో జబ్బు చేసింది. దాని పేరు పిల్లల ముందు ఎవరూ పలికేవారు కాదు. ఎముక లోపల్లోపల గుల్లబారిపోతోందని మాత్రం అమ్మమ్మ చెప్పింది. ఊళ్లోని పెద్దాసుపత్రికి వారం వారం తీసుకెళ్లి కరెంటు, అంటే రేడియేషన్, పెట్టించాలి. రిక్షా ఎక్కిస్తే గుంతగుంతకూ అమ్మ చీరకొంగు నోట్లో కుక్కుకునేది. టెంపోలో అయితే అదీ చాలేది కాదు. ఒకసారి రిక్షావాడే సగం దారిలో బండి ఆపి, "మాయీ కో ఔర్ తక్‌లీఫ్ మత్ దో" అని, ఈ తల్లిని ఇంక బాధపెట్టొద్దని దిగి నిలబడిపోయాడు. ఆ రోజు ఇంటికి రాగానే, ఎలాగైనా పాత కారొకటి కొంటానని నాన్న అన్నాడు. దానికోసం సొంతూళ్లో తన వాటా పొలం అమ్ముకున్నాడు.

రెండు కార్లు చూసుకొచ్చాడు. రెండూ అంబాసిడర్లే, రెండూ పాతవే. ఒకటి గోల్‌మురిలో ఒక కంట్రాక్టరు వాడుకున్నది, పెట్రోలు బండి. రెండోది కాసిడీహ్‌లో ఒక టాక్సీ ఆయనది. దాని పెట్రోలు ఇంజన్ పీకించేసి డీజిల్ ఇంజన్ వేయించాడు. అప్పట్లో డీజిల్ చవక. బండి ఎక్కువ దూరం పోతుంది, ఇంజన్ మొండిది. నాన్న మనసు మొదటి నుంచీ దాని మీదే ఉంది. "డీజిలంటే ఏటనుకున్నావ్? ఓపాలి అందుకుందంటే మరి సూడక్కర్లేదు. ఏళ్లకేళ్లు తిరుగుతాది" అని రాత్రి అన్నం దగ్గర అమ్మకు చెబుతుంటే ఆయన ముఖం వెలిగిపోయేది. అమ్మ గోడకు ఆనుకుని వింటూ, సరే అన్నట్టు తల ఊపేది. ఆమెకు కావలసింది కారు కాదని, నాన్న ముఖంలో ఆ వెలుగని నాకిప్పుడు తోస్తుంది.

యార్డు మనుషులకు ఒక అలవాటు ఉండేది. డ్యూటీలో డీజిల్ ఇంజన్‌ను ఆపరు. చలిలో ఆపితే మళ్లీ ఓ పట్టాన లేవదని, పని లేకపోయినా దాన్ని గుడగుడమనిపిస్తూనే ఉంచుతారు. కారును కూడా ఆసుపత్రి గేటు దగ్గర అలాగే ఉంచుతానని నాన్న లెక్క వేసుకున్నాడు. అమ్మ పేరు పిలిచేదాకా వెనక సీట్లో పడుకునే ఉండొచ్చు, పిలవగానే లోపలికి తీసుకెళ్లొచ్చు. ఆయన ప్రేమంతా ఆ లెక్కలో ఉంది. పొరపాటు కూడా అందులోనే ఉంది. దాన్ని పట్టుకున్నది అమ్మమ్మ.

అమ్మమ్మ అంటే అమ్మను కన్నతల్లి. కూతురికి మంచాన పడేంత జబ్బు చేసిందని ఊరి నుంచి వచ్చి మాతోనే ఉండిపోయింది. ఆవిడ కాలంలో అత్త అల్లుడికి ఎదురుపడి మాట్లాడకూడదు. ఒకే ఇంట్లో ఉంటూ నాన్నతో ఒక్క మాట కూడా నేరుగా అనేది కాదు. చెప్పాల్సిందంతా తలుపు చాటు నుంచి నాతో చెప్పించేది. నాన్న జవాబు కూడా నేనే మోసేదాన్ని. వాళ్లిద్దరి మధ్యా తిరిగీ తిరిగీ నాకు ఆ వయసులోనే పెద్దరికం వచ్చేసింది. డీజిల్ వద్దని చెప్పించాలంటే, అంత పెద్ద మాట పిల్ల నోట పంపడం ఆవిడకు ఇష్టం లేకపోయింది.

ఒక ఆదివారం కార్లవాళ్లిద్దరూ బండ్లు తెచ్చి మా వీధిలో పక్కపక్కనే నిలబెట్టారు. నాన్న రెండింటి బానెట్లూ ఎత్తించి, ఇంజన్లు ఆన్ చేయించి, చెవి దగ్గరగా పెట్టి వింటున్నాడు. అమ్మమ్మ ముందు రోజు సాయంత్రమే రెండు వెడల్పు గిన్నెల్లో పాలు తోడు పెట్టింది. పెరుగు గడ్డలా పేరుకుని ఉంది. "అమ్మీ, ఆ కారులో ఒకటి, ఈ కారులో ఒకటి ఎనక సీటు మీద ఎట్టేసి రా. ఒలకనీకు" అంది. నాన్న చూసి, "ఏటే అది?" అన్నాడు. అమ్మమ్మ పెట్టమందన్నాను. దిష్టి కోసమేమో అనుకుని ఊరుకున్నాడు. మగవాళ్లు బేరాల్లో, కబుర్లలో పడ్డారు. ఇంజన్లు అలా తిరుగుతూనే ఉన్నాయి.

అమ్మమ్మ ఇక తెమ్మంటే రెండు గిన్నెలూ తెచ్చి అరుగు మీద పెట్టాను. పెట్రోలు కారులోది పెట్టింది పెట్టినట్టే ఉంది, అంచున కాస్త తడి తప్ప. డీజిల్ కారులోది ఇంజన్ అదురుకి నడిమికి పగిలి ముక్కలై, పైకి నీళ్లు తేలాయి. అమ్మమ్మ తలుపు వెనక నిలబడి గొంతు ఎత్తకుండా చెప్పింది. "మీ నానకు సెప్పు, మీ అమ్మ నడుం ఇప్పుడు పెరుగు లాటిది. ఇరిగితే మరి తోడుకోదు." నేను ఆ మాట మోయనక్కర్లేకపోయింది. నాన్న విన్నాడు. రెండు గిన్నెలూ వంగి చూశాడు. తరవాత టాక్సీ ఆయనకు దండం పెట్టి పంపేశాడు.

ఆ రోజు నేను అమ్మమ్మ తెలివికి మురిసిపోయాను. నాన్న ఎందుకంత దిగులుగా కూర్చున్నాడో తెలియలేదు. పెద్దయ్యాక తెలిసింది. డీజిల్ అంటే ఆయనకు చవక ఒక్కటే కాదు. అమ్మను ఇంకా ఏళ్ల తరబడి ఆసుపత్రికి తిప్పుతానన్న ఆశ అది. పెట్రోలు బండికి ఒప్పుకోవడమంటే, తిరగాల్సింది ఎంతో లేదని ఒప్పుకోవడం. కూతురి గురించి ఆ సంగతి అమ్మమ్మకు ముందే తెలుసు. తెలిసే ఆ గిన్నెలు పెట్టింది. కన్నతల్లికి అదెంత కష్టమో నాకిప్పుడు తెలుస్తోంది.

కారుతో మాకు ఎక్కువ రోజులు పని పడలేదు. చలి ముదరకముందే డాక్టరుగారు నాన్నను పక్కకు పిలిచి, ఇక తీసుకురావడం దేనికి, ఇంట్లోనే సుఖంగా ఉంచుకోండి అన్నారు. ఆ మధ్యాహ్నం తిరిగి వస్తూ, అమ్మమ్మ ఒళ్లో తల పెట్టుకుని అమ్మ నిద్రపోయింది. ఎన్నో రాత్రుల నుంచి ఆమెకు కంటిమీద కునుకు లేదు. మా వీధి మలుపు వచ్చింది. నాన్న అద్దంలో వెనక్కి చూశాడు. బండి తిప్పలేదు, నేరుగా పోనిచ్చాడు. మంచి రోడ్లు వెతుక్కుంటూ, ఊరంతా మెల్లగా తిప్పాడు. గోల్‌మురి దాటి ఇంటి దారి పట్టాక పెట్రోలు అయిపోయి బండి ఆగిపోయింది. నాన్న స్టీరింగు మీద చేతులు అలాగే ఉంచి కూర్చున్నాడు. అప్పుడు అమ్మమ్మ, జన్మలో మొదటిసారి, ఆయనతోనే అంది. "దాన్ని లేపకు బాబూ."

నాన్న దిగి, కిటికీలోంచి ఒక చెయ్యి స్టీరింగు మీద వేసి తోయడం మొదలుపెట్టాడు. నేను వెనక నుంచి తోశాను. షిఫ్టు దిగి సైకిళ్ల మీద ఇళ్లకు పోతున్నవాళ్లు ఆగి, "క్యా హువా భాయ్?" అన్నారు. నాన్న పెదవుల మీద వేలు పెట్టి లోపలికి చూపించాడు. వాళ్లు కిటికీలోంచి చూశారు. ఇంకేమీ అడగకుండా సైకిళ్లు చెట్లకు ఆనించి వచ్చి, అందరూ భుజాలు ఆన్చారు. చప్పుడు లేకుండా కారు కదిలింది. అమ్మ మా గుమ్మం దాకా లేవలేదు. లేచి, "అప్పుడే వచ్చీసేమా?" అంది. ఎండలు ముదిరేలోపు అమ్మ పోయింది. కారు అమ్మేశాం.

ఇప్పుడు మా ఆయన మంచాన ఉన్నారు. డాక్టర్లు చెప్పాల్సింది చెప్పేశారు. పిల్లలు ఫోను చేసి ఇంకో ఊరు, ఇంకో ఆసుపత్రి అంటుంటారు. నేను కాదనను, వాళ్ల ఆశ వాళ్లది. నాకు ఆశ లేదు. పొద్దున్నే ఆయన పక్కన కూర్చుని, ఇవాళ ఎక్కడ ఒత్తుకుంటోందని అడుగుతాను. ఆయన చూపించిన చోట దుప్పటి మడిచి పెడతాను. కాస్త కన్ను మూతపడితే, ఇంట్లో ఎవర్నీ అడుగు తీసి అడుగు వెయ్యనివ్వను.