సంచిలో తాళంచెవి

ఐడీ కార్డు కోసం సంచిలో చెయ్యి పెడితే ముందు తాళంచెవి తగిలింది. కంపెనీ బస్సు అప్పటికే ఇస్నాపూర్ దాటి పటాన్‌చెరు వైపు పోతోంది. ఆ తాళంచెవి నా దగ్గర ఉండకూడదు.

మా ఆయనది వేరే ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు. ఆయన ఇల్లు చేరేసరికి ఏడు అవుతుంది. నా బస్సు ఆరుంబావుకు. మధ్యలో ముప్పావు గంట, నిద్రపోతున్న పిల్లలిద్దరినీ లోపల ఉంచి తాళం వేసి, తాళంచెవి ఇంటి ఓనరమ్మకు ఇచ్చి వెళ్తాను. మా వరుస గదుల్లో చాలామంది చేసేది ఇదే. ముందంతా లారీల రోడ్డు, తలుపు తీసి వదల్లేం.

ఆ వారమే పనులకు వరుస పెట్టుకున్నాను. ముఖ్యమైనవి పైన, ఆగగలిగినవి కింద రాసి, కాగితం బియ్యం డబ్బాకు అతికించాను. మొదట బస్సు. తర్వాత టిఫిన్లు, నీళ్లు పట్టడం. పోయిన రెండో తాళంచెవి మళ్లీ చేయించడం అన్నిటికన్నా కింద.

అప్పుడు గుర్తొచ్చింది, పాలు పొయ్యి మీద పెట్టానని. ఆపినట్టు గుర్తులేదు. ఓనరమ్మ ఫోన్ ఎత్తలేదు.

"అన్నా, జెర ఆపు. దిగాలె."

"గీడనా? మళ్ల పంచ్ టైముకు ఎట్ల వస్తవమ్మా?" అన్నాడు డ్రైవరు.

వెనక సీటు ఆమె నవ్వింది. "పొయ్యి బంద్ చేసిన్నా లేదా అని నాకు గూడ రోజూ పరేషానే. ఏం గాదు, కూసో అక్కా."

"పిల్లలు లోపలున్నరు. చాబీ నా దగ్గర్నే ఉన్నది."

ఆమె నవ్వు ఆగిపోయింది. "ఆపు అన్నా," అంది.

దిగి వెనక్కి ఎక్కిన షేర్ ఆటో, మనిషి కనబడ్డ చోటల్లా ఆగింది. గది ముందుకు వచ్చేసరికి మాడు వాసన. తలుపు తీస్తే చిన్నోడు ఇంకా నిద్రలోనే ఉన్నాడు. ఏడేళ్ల పెద్దది పొయ్యి పక్కన స్టూలు మీద నిలబడి ఉంది.

"పాలు పొంగినయమ్మా. నేనే బంద్ చేసిన. నిన్ను పిలిస్తే రాలే."

ఆ రోజు నాకు ఆబ్సెంట్ పడింది. రెండో తాళంచెవి మధ్యాహ్నమే చేయించాను. సాయంత్రం కాగితం మళ్లీ రాయబోయాను. ఏది పైన పెట్టినా బస్సు కిందికి దిగలేదు. నా షిఫ్టు మారదు, ఆయనదీ మారదు. ఓనరమ్మను బతిమాలితే, పిల్లల్ని తన వరండాలో పడుకోబెట్టుకోమంది, వారం వరకే.

తెల్లారి ఐదున్నరకు ఇద్దరినీ లేపి అక్కడ చాప వేశాను. నిద్ర కళ్లతో కూర్చున్నారు.

"నాన్న వచ్చేదాక గీడనే పండుకోండ్రి. ఇగ మీరు లోపలుంటే తాళం వెయ్య," అన్నాను. పెద్దదాని చెయ్యి పట్టుకున్నాను. "పొయ్యి బంద్ చేసుడు నీ పని కాదు బిడ్డా. అది అమ్మ పని."