మా అత్త కొలత

జగ్గయ్యపేటలో కిరాణా కొట్టు నడిపిన మా మేనత్త దేన్నైనా పావు, అర, ముప్పావుల్లోనే కొలిచేది. తన భక్తి ముప్పావేనని పూజారికే చెప్పింది. తొంభైల్లో నాకు నందిగామ అబ్బాయి సంబంధం ఖాయం చేస్తుంటే, హడలిపోయి ఆవిడ దగ్గరికే పరిగెత్తాను.

"అత్తా, నాకు మగవాళ్ళ మీద మనసు పోదు. ఆడవాళ్ళ మీదే పోతుంది."

కందిపప్పు తూస్తున్న చెయ్యి ఆగలేదు. "ఎంత? పావా, అరా?"

"మొత్తం కేజీ."

అప్పుడు ఆగింది. "సరే, ఆ సంబంధం వద్దని మీ నాన్నకి నే చెప్తాలే. కారణం ఇవాళ పావు చెప్తా, అది అరిగాక తక్కినది."

కొట్లో ఎవరూ లేరని చూసుకుని గొంతు తగ్గించింది.

"నాక్కూడా ఓ పావు అటేనే అమ్మాయ్. మిగిలిన ముప్పావుకే మీ మావయ్య ఉక్కిరిబిక్కిరయ్యేవాడు, పాపం!"