మేం మురిసిపోయిన మీసం

పులివెందులలో హాస్టల్లో ఉండి చదువుకునే మా తమ్ముడు కిశోర్ ఆ రోజు ప్రొద్దుటూరుకు, ఇంటికి వచ్చాడు. కాలేజీలో చేరే వయసొచ్చినా నూగుమీసమైనా లేదని బంధువులు వాణ్ణి ఏడిపించేవాళ్లు. ఇప్పుడేమో కొద్ది నెలల్లోనే ఒత్తుగా మీసం, వెడల్పాటి భుజాలు. అమ్మ దిష్టి తీసింది. జమ్మలమడుగు నుంచి వచ్చిన మామ వాడి వీపు చరిచాడు.

"ఏం రా అల్లుడా, ఇన్నాళ్లకు మగోని మాదిరి కనపడతాండావు!"

అందరూ నవ్వారు. నాకు మాత్రం వాడి మెడ నిండా ఎర్రటి మొటిమలు, మెట్లెక్కితే ఆయాసం కనిపించాయి. అన్నం ముందు కూర్చున్నవాడు ఛాతీ పట్టుకుని, "అక్కా, లోపల ఎవరో పిండుతాన్నట్టుంది" అన్నాడు. చొక్కా చెమటకు తడిసిపోయింది.

ఆసుపత్రిలో ఈసీజీ తీశారు. "చేంజెస్ ఉన్నాయి. గుండె దెబ్బతిన్నదేమో తెలియడానికి ట్రోపోనిన్ రక్తపరీక్ష కూడా చేద్దాం" అన్నారు డాక్టరమ్మ. "బాబూ, ఇంజక్షన్లేమైనా వాడుతున్నావా?"

మంచం చుట్టూ నాన్న, పెదనాన్న, మామ నిలబడి ఉన్నారు. వాడు లేదన్నాడు. నా వైపు ఒకసారి చూసి తల దించుకున్నాడు.

నేను పెద్దల ముందు నోరు విప్పే మనిషిని కాదు. చెప్పలేనివన్నీ డైరీలో రాసుకుంటాను. ఆ రోజు అంత వ్యవధి లేదు.

"మామా, మీరందరూ బయటికి పోండి" అన్నాను.

"ఏంది మే, మమ్మల్నే పొమ్మంటాండావా?"

"వాడు మీ ముందర చెప్పలేడు. పానం మీదికొచ్చింది, పోండి మామా!"

తలుపు మూశాక వాడు ఏడ్చాడు. జిమ్‌లో ఒకతను వారం వారం టెస్టోస్టెరాన్ అనే మగ హార్మోన్ ఇంజక్షన్ వేస్తున్నాడట.

కడపలో యాంజియోగ్రామ్ చేశారు. బ్లాక్ లేదు. "ఇది స్పాజమ్. రక్తనాళం బిగుసుకుపోయింది" అన్నారు కార్డియాలజిస్టు. "ఎదిగే వయసులో ఈ హార్మోన్ ఒంట్లోనే తగినంత తయారవుతుంది. దాని ప్రభావం మీసం మీదే కాదు, గుండె రక్తనాళాల మీద కూడా ఉంటుంది. బయటి నుంచి ఇంత డోసు పోస్తే అవి తట్టుకోలేవు."

"మళ్లీ మామూలవుతాయా సార్?"

"చూద్దాం."

ఆ ఒక్క మాట పట్టుకుని నెలలు గడిపాం. ఇంజక్షన్లు ఆపాక వాడు నీరసంతో మంచం దిగలేదు. ఒంట్లో సొంత హార్మోన్ మళ్లీ మొదలవడానికి టైమ్ పడుతుందన్నారు. ఒకసారి నొప్పి తిరగబెట్టింది. నాలుక కింద మాత్ర పెట్టి, ఆటోలో వాడి చెయ్యి పట్టుకుని ఊపిరి ఆడుతోందా అని చూస్తూ కూర్చున్నాను.

ఇప్పుడు మాత్రలు తగ్గించారు. వాడు కాలేజీకి వెళుతున్నాడు. పులివెందుల నుంచి ఫోన్ వస్తే ఇప్పటికీ ముందు నొప్పేమైనా ఉందా అనే అడుగుతాను. మీసం వాడే తీసేసుకున్నాడు. మొన్న మామ ఆ నున్నటి ముఖాన్ని కాసేపు చూసి, "అన్నం తింటివా అల్లుడా?" అని మాత్రం అడిగాడు.

మీ పిల్లవాణ్ణి డాక్టరు ప్రశ్నలు అడిగేటప్పుడు, దయచేసి మీరు కాసేపు బయట నిలబడండి.